సిపాయి చేతి తుపాకి



మన గ్రామములలో బిడ్డలను సైన్యమునకు బంపినవారు అనేకులు గలరు. సెలవుపై వచ్చిన కుఱ్ఱవాడు ట్రంకుపెట్టె తెచ్చును గాని తుపాకిని తేడు. వాడు మోయు ఆయుధమెట్టిదో ఇంటివారికి తెలియదు. నేడు దానిని గూర్చి చెప్పదలచితిని.

రైఫిలనగా గొట్టము లోపల మెలికలుగా సన్నని చాళ్ళు కోసిన తుపాకి. గుండు ఆ చాళ్ళ వెంబడి గిరగిర తిరుగుచు వెలువడును. తిరుగు బొంగరము పడక నిలిచినట్లే, తిరుగు గుండును తలక్రిందులు గాక ముక్కు ముందుగా దూరమునకు బోవును. నాటు తుపాకికి గొట్టము నున్నన. అందుచేతనే దానికి దూరపు గుఱి కుదురదు.

1947లో మన సైనికుని చేత నున్నది లీ-ఎన్‌ఫీల్డు. పోలీసు ఠాణాలలో మీరు చూచిన త్రీ-నాట్-త్రీ యదియే. బరువు సుమారు 4 కిలోలు, పట్టు తూటాలు 10. కలకత్తా చెంతనున్న ఈశాపూరు కర్మాగారమున దీనిని చేసిరి (శ్రీకాకుళము జిల్లాలోని మన ఇచ్ఛాపురము కాదు సుమండీ!). గుఱికి మంచిదే. కాని గుండు పేల్చినప్పుడెల్ల చేతితో గడియ వెనుకకు లాగి ముందునకు త్రోయవలెను. 1962లో హిమాలయములయందు చైనా సేనతో యుద్ధము తటస్థించినపుడు, ఎదుటివారికి తమంత తామే తూటా నెక్కించుకొను తుపాకు లుండెను. మనవాడు గడియ లాగులోపల అవతలివాడు మఱల కాల్చగలిగెను. చలిబట్టలు చాలవు, బాటలు లేవు. ఓటమి నంతయు తుపాకిపై మోపుట న్యాయము కాదు. అయినను ఆ గడియ లాగు క్షణము ప్రాణములతో కొన్న పాఠమని నా యభిప్రాయము.

పిమ్మట వచ్చినది ఎస్.ఎల్.ఆర్. దీని మూలము బెల్జియము దేశపుది. తయారు చేసినది ఈశాపూరువారు. మందు మండగా పుట్టిన వాయువులో కొంత, గొట్టమునకు గల చిన్న రంధ్రముగుండ బోయి యొక కడ్డీని వెనుకకు నెట్టును. ఆ కడ్డీ గడియను తెఱచి ఖాళీ తూటాను ఎగురవేయును. స్ప్రింగు గడియను మూయుచు కొత్తదాని నెక్కించును. సిపాయి చేయవలసినది మీట నొక్కుటయే. పట్టు తూటాలు 20.

అయితే ఆ తూటా యొక్కటి సుమారు 24 గ్రాములు. వంద మోసిన రెండు కిలోల నాలుగు వందల గ్రాములు! కొండ నెక్కువానికి ఇది చిన్న మాట కాదు. 1990ల దశకమున సేనకు వచ్చిన, మనవారే రూపొందించిన ఇన్సాసు తూటా అందు సగమే తూగును. 1999 కార్గిలు చలిలో దాని తూటాపెట్టెలు కొన్ని పగిలినవి, నిందలు వచ్చినవి. మనవారి పనియని కప్పిపుచ్చుట తగదు, నవ్వుటయు తగదు. 2019లో అమెరికా రైఫిళ్ళు 72,400 కొనుటకు ఒడంబడిక జరిగెను. వానితో పాత పెద్ద తూటాయే మఱల వచ్చినది! 2021లో రష్యావారి నమూనాతో ఏ.కె.-203 రైఫిళ్ళు 6,01,427 అమేఠీ జిల్లా కోర్వాలో చేయుటకు నిర్ణయమైనది. దాని తూటా ఆ రెంటికి నడిమిది.

ఇది యందఱు మోయునది. దళములో ఏ యొకరిద్దరో మోయు దూరపు గుఱి తుపాకి వేఱు. ఆ గుఱికాని నింగ్లీషులో స్నైపరందురు. వరిమళ్ళలో మనము చూచు ఉల్లంకిపిట్టకు వారి భాషలో స్నైపని పేరు. వంకరటింకరగా నెగురు ఆ పిట్టను కొట్టుట కష్టము. కొట్టగలవానికి ఆ పేరు వచ్చినది. మన సైన్యము చిరకాలముగా నెఱిగినది సోవియట్టువారి డ్రాగునోవు. దానికి దుర్భిణి యమర్తురు. 800 మీటర్ల దూరమునకు గుండు చేరుటకు సెకనుకు మించి పట్టును. ఆలోపల గాలి దానిని ప్రక్కకు త్రోయును, భూమి క్రిందికి లాగును. అందుచే గుఱికాడు గుఱిమీద కాక, లెక్క చూచుకొని గాలికెదురుగా కొంత, పైకి కొంత జరిపి కాల్చును. తఱచు ఇరువురు కలసి పోవుదురు. ఒకడు దూరమును, గాలిని చూచి చెప్పును, రెండవవాడు కాల్చును. గంటలకొలది కదలక పడియుండి, ఒక్క తూటాయైన కాల్చకయే తిరిగివచ్చు దినములును గలవు.