నిలబడిన రైలింజన్ తాగే డీజిల్

యార్డులో సిగ్నల్ కోసం గంటల తరబడి నిలబడిన డీజిల్ రైలింజన్‌ను మీరు చూసే ఉంటారు. చక్రం కదలదు, చప్పుడు మాత్రం ఆగదు. బ్రేకులకు గాలి పీడనం కావాలి, బ్యాటరీలు చార్జి అవుతుండాలి. పాత ఇంజన్లలో ఇవన్నీ ప్రధాన ఇంజన్ తిరుగుతుంటేనే జరుగుతాయి. ఇలా ఊరికే తిరగడానికే గంటకు సుమారు 25 లీటర్ల డీజిల్ ఖర్చవుతుంది.

దీనికి భారతీయ రైల్వే ఎంచుకున్న ఉపాయం చాలా సాదాది. పెద్ద ఇంజన్ పక్కన ఒక చిన్న ఇంజన్‌ను బిగిస్తారు. దాని పేరు ఆగ్జిలరీ పవర్ యూనిట్. బండి కాసేపు ఊరికే నిలబడితే పెద్దది ఆగి, చిన్నది ఆ పనులు అందుకుంటుంది. దాని ఖర్చు గంటకు 3 లీటర్లే. అంటే 8 గంటల్లో 176 లీటర్లు మిగులుతాయి. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కనుక, మిగతా లెక్క మీరే వేసుకోవచ్చు.

నల్లపొగ కథ వేరు. డ్రైవర్ నాచ్ పెంచిన వెంటనే సిలిండర్లలోకి ఇంధనం పెరుగుతుంది. గాలిని నెట్టే టర్బోచార్జర్ మాత్రం వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ కాసేపు గాలి చాలక సగం కాలిన కార్బన్ మసిగా బయటపడుతుంది. మెరుగైన టర్బోచార్జర్లు, ఎలక్ట్రానిక్ ఇంధన నియంత్రణ ఈ లోటును తగ్గిస్తాయి. అయితే ఒక చిక్కుంది. దహనం వేడెక్కితే మసి తగ్గుతుంది కానీ నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. అందుకే లోపలికి పోయే గాలిని ముందే చల్లార్చే ఆఫ్టర్‌కూలర్‌ను కూడా పెద్దది చేస్తారు.

ఈ పొగను తేలిగ్గా తీసుకోలేం. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. పరిశీలించిన ఆధారాల్లో రైల్వే కార్మికులపై అధ్యయనాలూ ఉన్నాయి.

సూరత్‌లో ఓ వింత కనిపిస్తుంది. ఎందరో తెలుగువాళ్లు మగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన ఊరది. ధూళికణాల ఉద్గారాలకు ప్రపంచంలోనే తొలి మార్కెట్ 2019లో అక్కడే మొదలైంది. ఫ్యాక్టరీ పొగగొట్టాల్లోని పరికరాలు కణాలను నిరంతరం కొలుస్తాయి, పరిమితి దాటినవారు అనుమతులు కొనుక్కోవాలి. యార్డులో షంటింగ్ చేసే డీజిల్ ఇంజన్ పొగ ఈ లెక్కలోకి రాదు.

విద్యుదీకరణ పూర్తయితే ఈ తంటా ఎందుకని అడగొచ్చు. నిజమే, ముంబై–సూరత్ ప్రధాన మార్గంలో దశాబ్దాలుగా విద్యుత్ రైళ్లే. వారణాసి కర్మాగారం డీజిల్ ఇంజన్‌నే విద్యుత్ ఇంజన్‌గా మార్చి 2019లో పట్టాలెక్కించింది. కానీ షంటింగ్‌కూ, కరెంటు పోయినప్పుడు సహాయానికీ డీజిల్ ఇంజన్లు కావాల్సిందే. వాటి నిర్ణీత ఆయుష్షు 36 ఏళ్లు.