మేకుల్లేవు.. చిమ్నీ లేదు.. 600 ఏళ్ల నాటి రైతు ఇల్లు! రిజర్వాయర్ ముంచేస్తుంటే ఏం చేశారంటే?

ఇల్లు కట్టి చూడు అంటారు పెద్దలు. మరి కట్టిన ఇంటిని విప్పేసి, ఇంకో ఊరికి మోసుకెళ్లి, మళ్లీ నిలబెడితే? ఇంగ్లండ్‌లో అదే చేశారు. అదీ సుమారు 600 ఏళ్ల నాటి రైతు ఇంటిని!

ఆ ఇంటి పేరు బేలీఫ్. కెంట్ కౌంటీలోని చిడింగ్‌స్టోన్ దగ్గర ఉండేది. కలప వలయాలు లెక్కపెట్టి చూస్తే, ఇందులోని పాత భాగం 1405-1430 మధ్య కట్టిందని తేలింది. ఒక పక్క భాగాన్ని 1505-1510 మధ్య కలిపారు. 1960ల్లో బౌ బీచ్ రిజర్వాయర్ పనులు మొదలయ్యాయి. ఇల్లున్న చోటు ముంపులోకి వెళ్లింది. దాంతో ఇంటి చట్రాన్ని విప్పి, వెస్ట్ ససెక్స్‌లోని సింగిల్టన్‌కు తరలించారు. ఇప్పుడది అక్కడి వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ లివింగ్ మ్యూజియంలో ఉంది.

సరే, ఇల్లంటే గోడలు కదా.. ఎలా విప్పారు?

అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ ఇంట్లో బరువు మోసేది గోడలు కాదు, ఓక్ కలప చట్రం. ఒక దూలం చివరను నాలుకలా చెక్కుతారు. ఎదుటి స్తంభంలో దానికి సరిపడా గాడి తొలుస్తారు. రెండింటినీ జత చేసి, అడ్డంగా చెక్క చీల దిగ్గొడతారు. అంతే, ఇనుప మేకుతో పని లేదు. ఇంకో తెలివి చూడండి. చీల కోసం వేసే రంధ్రాలను కావాలనే కొంచెం ఎడంగా పెడతారు. చీల దిగేకొద్దీ జాయింట్ దగ్గరికి లాక్కుంటుంది. కలపను పచ్చిగా ఉన్నప్పుడే వాడతారు కాబట్టి, ఆరేకొద్దీ పట్టు ఇంకా బిగుస్తుంది.

అప్పటి వడ్రంగులు చట్రాన్ని ముందు నేల మీద పరిచి, జాయింట్లకు రోమన్ అంకెల్లాంటి గుర్తులు గీసేవారు. తర్వాత విడదీసి, ఇల్లు కట్టే చోట ఆ గుర్తుల ప్రకారం బిగించేవారు. అంటే ఇలాంటి ఇల్లు పుట్టడమే ఒకసారి విప్పి బిగించాక పుట్టిందన్నమాట!

చట్రం మధ్య ఖాళీల్లో ఏముంటుందంటే.. తడికలు. వాటికి మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తుతారు. మన పల్లెల్లో తడికల ఇల్లు చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

ఎదురుగా నిలబడి చూస్తే మధ్య భాగం కాస్త లోపలికి, రెండు చివరల పై అంతస్తులు ముందుకు పొడుచుకొచ్చి కనిపిస్తాయి. మధ్యలో పైకప్పు దాకా ఖాళీగా ఉండే పెద్ద హాలు. హాలు మధ్య నేల మీదే మంట! చిమ్నీ లేదు. పొగ వాసాల దాకా లేచి, సందుల్లోంచి బయటికి పోవాల్సిందే. కిటికీలకు అద్దాలు లేవు. నిలువు కమ్మీలు, చెక్క తలుపులు మాత్రమే. చలి వేస్తే తలుపు మూయాలి, మూస్తే చీకటి. అలాగని ఇది పేదరైతు ఇల్లు కాదండోయ్. బీరు, రొట్టెలు దాచుకోడానికి వేర్వేరు గదులున్నాయి. పైన యజమాని పడకగదికి అటాచ్డ్ టాయిలెట్ కూడా ఉంది!

అయితే ఒక చిక్కు. 500 ఏళ్లకు పైగా మార్పులు చూసిన ఇంటిని ఏ రూపంలో నిలబెట్టాలి? మ్యూజియం పాత రూపాన్నే ఎంచుకుంది. 1540 నాటి కుటుంబం ఎలా బతికేదో చూపేలా లోపల సామాను సర్దింది. పాడైన, దొరకని ముక్కల స్థానంలో కొత్త ఓక్ పెట్టింది. అంటే ఆ తర్వాత అక్కడ బతికినవాళ్ల గుర్తులు చాలావరకు పోయినట్టే. ఇది నష్టమేనని మాకనిపించింది. కానీ రెండో దారి నీళ్లలో మునగడం!

ముంపు నుంచి ఇలా బయటపడ్డ కట్టడాలు మనకూ ఉన్నాయి. నాగార్జునసాగర్ కట్టినప్పుడు నాగార్జునకొండ లోయలోని కొన్ని కట్టడాలను కొండ మీద మళ్లీ నిలబెట్టారు. శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వర ఆలయాన్ని అలంపూర్‌కు తెచ్చారు. అవి రాళ్లు, ఇటుకలు. బేలీఫ్‌లో మాత్రం మోసుకెళ్లింది ప్రధానంగా చట్రాన్నే. తడికలకు మట్టి మళ్లీ కొత్తగా మెత్తాల్సిందే.

బీబీసీ 'ది రిపేర్ షాప్' వీడియోలు చూసేవాళ్లకు ఈ మ్యూజియం ఇప్పటికే పరిచయం. ఆ షో షూటింగ్ జరిగే గడ్డికప్పు కొట్టం కూడా ఈ ఆవరణలోనే ఉంది.