కాయిల్.. చుట్టలు విప్పితే!

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి దోమల కాయిల్ వెలిగిస్తాం. బోరు మోటారు కాలిపోతే రైతు దాన్ని బండి మీద వేసుకుని వైండింగ్ షాపుకి తీసుకెళ్లి ‘కాయిల్ కట్టించాలి’ అంటాడు. గీజరులో నీళ్లు కాగకపోయినా, బైకు స్టార్టు కాకపోయినా మెకానిక్ నోట ముందు వినబడేది ఈ మాటే. ఇంగ్లిషు బడి మొహం చూడని వాళ్లకీ ఇంతగా అలవాటైన ఈ మాట, చుట్టడం అనే అర్థంతో నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లిషు ఓడల మీద వాడుకలోకి వచ్చింది. దాని వేరు పట్టుకుని ఇంకా వెనక్కి వెళితే తాడూ ఉండదు, తీగా ఉండదు. పూలూ పండ్లూ ఏరుకునే చెయ్యి కనిపిస్తుంది.

ఏరి కూర్చిన మాట

లాటిన్‌లో ‘లెగెరె’ అంటే ఏరడం. దానికి ‘కలిపి’ అనే అర్థమిచ్చే ముక్క ముందు చేరి ‘కొల్లిగెరె’ అయింది. అంటే ఏరి ఒకచోట కూర్చడం. అదే పాత ఫ్రెంచిలో ‘కొయిలిర్’గా మారింది. పూలు కోయడానికీ పండ్లు తెంపడానికీ ఫ్రెంచివాళ్లు ఇవాళ్టికీ దాని రూపాంతరాన్నే వాడతారు.

ఈ ఒక్క వేరు నుంచి ఇంగ్లిషుకి ముగ్గురు తోబుట్టువులు దక్కారు. లాటిన్ నుంచి వచ్చిన పెద్దమనిషి ‘కలెక్ట్’. ఫ్రెంచి దారిలో వచ్చిన రెండోది ‘కల్’, అంటే మందలోంచో రాశిలోంచో ఏరి తీయడం. మూడోది మన కాయిల్. లెగెరెకి చదవడమనే అర్థం కూడా ఉంది. లెక్చర్, లెజెండ్ అనే మాటలు ఆ అర్థం నుంచి వచ్చినవే. అక్షరాలను ఏరి కూర్చుకోవడమే చదువు అని ఆ పాతకాలపు మనిషి భావించాడన్నమాట.

ఓడ మీద తాడు

ఏరడం చుట్టడంగా ఎలా మారింది? 17వ శతాబ్దం తొలినాళ్ల తెరచాప ఓడను ఊహించండి. చాపలు ఎత్తాలన్నా దించాలన్నా, లంగరు వేయాలన్నా తాళ్లతోనే పని. ఆ తాళ్లు డెక్కు మీద చెల్లాచెదురుగా పడి ఉంటే కాళ్లకు చుట్టుకుంటాయి. గాలివాన వచ్చిన క్షణంలో చిక్కుపడితే ఓడకే ప్రమాదం. అందుకని పని అవగానే తాడును ‘పోగుచేయడం’ నావికుడి నిత్యవిధి. పొడవాటి తాడును పోగుచేయడానికి ఉన్న చక్కటి దారి, దాన్ని వలయాలుగా పేర్చడమే. అలా పోగుచేయడం అన్న మాటకి చుట్టడం అన్న అర్థం స్థిరపడిపోయింది.

అందులోనూ పద్ధతి ఉంది. తాడుకి పురి ఎటు ఉంటే చుట్ట అటే వేయాలి. కుడి పురి తాడును గడియారం ముల్లు తిరిగే దిక్కుకి చుడతారు. ఎదురు చుడితే తాడు మెలికలు పడుతుంది, లాగినప్పుడు ముడి బిగుస్తుంది. మంచి చుట్టకి గుర్తు ఒక్కటే: అవసరం వచ్చినప్పుడు అడ్డు లేకుండా విడివడాలి.

ఇంగ్లిషులో అంతకుముందే, 16వ శతాబ్దంలోనే, ఇదే స్పెల్లింగుతో వేరే కాయిల్ ఒకటి ఉండేది. దాని అర్థం గోల, రొద, గందరగోళం. అది ఎక్కడి నుంచి వచ్చిందో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. 1600 ప్రాంతంలో షేక్‌స్పియర్ రాసిన హామ్లెట్‌లో, రాకుమారుడు చావు గురించి తర్కించుకునే ప్రసిద్ధమైన స్వగతంలో కనిపించేది ఆ కాయిలే. చాలామంది అక్కడ పాములా చుట్టుకున్న బంధాన్ని ఊహించుకుంటారు. కవి చెప్పింది మాత్రం మనిషి వదిలిపోవలసిన ఇహలోకపు రొద గురించి. ఆ పాత మాట వాడుకలోంచి తప్పుకుంది. తాడు చుట్ట నిలిచింది.

తీగ చుడితే బలం

ఈ మాటకి రెండో జన్మ ఇచ్చింది విద్యుత్తు. కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ లోకానికి చాటాడు. ఒక్క తీగ చూపే ప్రభావం కొద్దిపాటిదే. దాన్నే చుట్లుగా చుడితే ప్రతి చుట్టు బలమూ పక్క చుట్టు బలానికి తోడవుతుంది. కుర్రతనంలో చెప్పులు కుట్టే పని నేర్చుకుని, తర్వాత సైన్యంలో పనిచేసిన ఇంగ్లండువాసి విలియం స్టర్జన్ 1825లో గుర్రపు లాడం ఆకారంలో వంచిన ఇనుముకి రాగి తీగ చుట్టి విద్యుదయస్కాంతాన్ని ప్రదర్శించాడు. సుమారు 200 గ్రాముల ఆ ఇనుము 4 కిలోల బరువెత్తింది. అమెరికాలో జోసెఫ్ హెన్రీ తీగకు పట్టు తొడుగు వేసి, చుట్టు మీద చుట్టు వేసి ఆ బలాన్ని ఎన్నో రెట్లు పెంచాడు. 1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఇనుప కడియానికి రెండు వైపులా రెండు కాయిళ్లు చుట్టి, ఒకదానిలో కరెంటు మారినప్పుడు రెండోదానిలో కరెంటు పుడుతుందని కనుగొన్నాడు. మన వీధి చివర నిలబడ్డ ట్రాన్స్‌ఫార్మరు ఆ కడియానికి వారసురాలే. 1836లో ఐర్లండులోని మేనూత్ కళాశాల ఆచార్యుడు, మతగురువు నికొలస్ కాలన్ ఇండక్షన్ కాయిల్ చేశాడు. 1891లో నికొలా టెస్లా తన పేరు మోసే కాయిల్‌ను తయారుచేశాడు.

మోటారు కాలడమంటే తీగ మీది ఎనామిల్ పూత మాడిపోయి చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎడం పోవడం. కలిసి ఉండాలి, కానీ ఒకదాన్నొకటి ముట్టకూడదు. కాయిల్ బతుకంతా ఆ నియమంలోనే ఉంది. అందుకే వైండింగ్ చేసే మనిషి పాత చుట్లను ఓపిగ్గా లెక్కపెట్టి, అదే గేజి తీగతో అన్నే చుట్లు కడతాడు. లెక్క తప్పితే మోటారు నిలవదు.

నలభై నిమిషాల నుంచి తెల్లవార్లూ

దోమల కాయిల్ జపాను బిడ్డ. వకాయామా ప్రాంతానికి చెందిన ఎయిచిరో ఉయెయామా, చామంతిని పోలిన పైరెత్రం పూల పొడితో 1890లో దోమల బత్తి చేశాడు. అగరుబత్తిలా నిటారుగా ఉండే అది సుమారు 40 నిమిషాల్లో ఆరిపోయేది. పొడవు పెంచితే విరిగిపోతుంది. దాన్ని చుట్టగా చేయమని ఆలోచన చెప్పింది ఆయన భార్య యూకి. చుట్ట బత్తి 1902లో అమ్మకానికి వచ్చింది. రాత్రంతా కాలే పొడవు అరచేతిలో ఇమిడింది. పూలు కోయడం అనే అర్థంతో మొదలైన మాట, కోసిన పూలతో చేసిన చుట్టకి పేరయింది.

బ్రిటన్‌లో గర్భాశయంలో అమర్చే గర్భనిరోధక సాధనాన్ని కూడా కాయిల్ అనే పిలుస్తారు. 1965లో మన దేశ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోకి వచ్చిన ఆ కోవ సాధనమే, మన అమ్మమ్మలు చెప్పుకున్న ‘లూపు’. మన ఒక్కో కణంలో సుమారు 2 మీటర్ల డీఎన్‌ఏ కంటికి కనపడనంత చోటులో ఇమిడింది కూడా చుట్టల మీద చుట్టలుగానే.

మన పురి, మన చుట్టం

పోగుచేయడానికీ చుట్టడానికీ ఉన్న ఈ చుట్టరికం ఇంగ్లిషు నావికులకే తెలిసినది కాదు. దారానికీ తాడుకీ పెట్టే మెలికను మనం ‘పురి’ అంటాం. వరిగడ్డిని పురిపెట్టి పేనిన మోకు ‘వెంటి’. ఆ వెంటిని చుట్టు మీద చుట్టుగా పేర్చి, అందులో ధాన్యం పోసి నిలవచేసేవారు మన రైతులు. దాని పేరు కూడా ‘పురి’! చుట్టడమూ పోగుచేయడమూ ఒక్క మాటలో, ఒక్క కళ్లంలో కలిసి ఉన్నాయి. కడవ కుదురుగా నిలవాలని నెత్తిన పెట్టుకున్నది చుట్టకుదురు. పొగాకు చుడితే చుట్ట. తమిళుల ‘సురుట్టు’ 17వ శతాబ్దంలో ‘చెరూట్’ అయి ఇంగ్లిషులో చేరింది. కాయిల్ మన దగ్గరికి వచ్చినట్టే, మన పొరుగు చుట్ట వాళ్ల దగ్గరికి వెళ్లింది.

ధాన్యం పురులు ఇప్పుడు కళ్లాల్లో కనపడవు. కొళాయిలు వచ్చాక చుట్టకుదురుతో పని తగ్గింది. వస్తువు పోయాక మాట ఎక్కువ కాలం నిలవదు. మీ ఇంట్లో తాతో అమ్మమ్మో ఉంటే ఈ ఆదివారం వాళ్ల దగ్గర కూర్చోండి. వెంటి ఎలా పేనేవారో, పురి ఎలా కట్టేవారో అడగండి. చెప్పిన మాటల్ని వాళ్లు పలికినట్టే రాసి పెట్టుకోండి. కాయిల్‌కి నాలుగు వందల ఏళ్ల చరిత్ర దొరికింది, ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు రాసి ఉంచబట్టే.

చుట్టు అన్న ధాతువు నుంచి తెలుగువాళ్లు చేసుకున్న మాటల్లో అన్నిటికన్నా గొప్పది మనిషికి పెట్టిన పేరు. మన చుట్టూ ఉండి మనల్ని ఒకచోట పోగుచేసేవాడు చుట్టం.