ఖాళీలోనే ఉంది కిటుకు

కొల్లేరు సరస్సులో, కైకలూరు పక్కన ఆటపాకలో పడవెక్కితే నీళ్ల మధ్య ఇనుప స్టాండ్లు కనిపిస్తాయి. గూళ్లకు చెట్లు చాలక అటవీశాఖ నిలబెట్టినవి. గూడబాతులు పుల్లలు తెచ్చి వాటిపై పేర్చుకుని పిల్లల్ని సాకుతాయి. మనిషి ఇచ్చింది ఆసరా. గూడు మాత్రం పక్షిదే.

కణజాల ఇంజనీరింగ్‌లో అలాంటి ఆసరానే పరంజా అంటారు. ముక్క పోయిన ఎముక చోట దాన్ని అమరిస్తే, కణాలు చేరి కొత్త ఎముకను అల్లుతాయి. ఇల్లు లేచాక మేస్త్రీ పరంజా విప్పేస్తాడు. ఈ పరంజా ఒంట్లో తనంతట తనే కరగాలి. ముందే కరిగితే లేత ఎముక నిలవదు, ఆలస్యమైతే ఎదుగుదలకు అడ్డు.

అసలు కష్టమంతా గోడల మధ్య ఖాళీతోనే. రక్తనాళానికి 0.1 - 0.2 మి.మీ. మించి దూరమైతే కణానికి ఆక్సిజన్ సరిగా అందదు. తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలడం చూసిన రైతుకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఎముక పరంజాలో సుమారు 0.3 మి.మీ. రంధ్రాలు, ఒకదాన్నుంచి మరోదానికి దారితో ఉండాలంటారు. రంధ్రాలు పెరిగితే బలం తగ్గుతుంది. ఎంత ఖాళీకి ఎంత బరువు ఆగుతుందో తయారీకి ముందే కంప్యూటర్ లెక్కకడుతుంది. సీటీ స్కాన్‌తో పోయిన ముక్క ఆకారం పట్టుకుని, లోపలి అల్లికను గణితంతో గీస్తారు. ఆ అల్లికల్లో నాకెంతో ఇష్టమైనది గైరాయిడ్. నాసాలో పనిచేసిన అలన్ షోన్ 1970లో దాన్ని వివరించాడు. మూలల్లేకుండా వంపులు తిరిగే ఒకే గోడ. దానికి చెరోవైపు, ఎక్కడా కలవని రెండు దారులు!

మరి ముడిసరుకు? మళ్లీ కొల్లేటికే రావాలి. ఇక్కడి చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె పొలుసుల్లో ఉన్నది కొలాజెన్ అనే ప్రొటీన్, ఎముకలో ఉండే తరహా ఖనిజం. చన్నీటి చేపల కొలాజెన్ మన ఒంటి వేడికి ఆగదు, వెచ్చని నీటి చేపలది ఎక్కువ తట్టుకుంటుంది. 2010లో ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు పరీక్షించింది ఈ రెండు చేపల పొలుసులనే. బజారులో గీకి పారబోసేవి!

ఈ పద్ధతి ఎముకకే పరిమితం కాదు. హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ, సీసీఎంబీ, ఐఐటీ శాస్త్రవేత్తలు కలిసి మనిషి కణజాలంతో కార్నియాను త్రీడీ ముద్రణలో తయారుచేసి, కుందేలు కంట్లో అమర్చినట్టు 2022లో ప్రకటించారు. కార్నియాలో కొలాజెన్ పొరలు పొరలుగా, పొరపొరకూ దిక్కు మారుతూ ఉంటుంది. శీలావతి పొలుసులోనూ దాదాపు అదే అమరిక.