ఆంగ్ల పరీక్ష: బట్టీ నుండి సొంత వాక్యం దాకా

2025 జనవరిలో ఒక సాయంత్రం. అస్ర్ నమాజు ముగిసింది. వత్సవాయి మండలంలో నేను బోధించే మక్తబ్‌లో చిన్నపిల్లలు ఖాయిదా పాఠం అప్పజెప్పి ఇళ్ళకు వెళుతున్నారు. ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకుని వచ్చి గుమ్మం బయటే నిలబడింది. అమ్మాయి పదో తరగతి. తల్లి ఉదయం నుండి మిరప కోతలో ఉండి నేరుగా వచ్చినట్లుంది. చేతుల నుండి మిరప ఘాటు ఇంకా వీడలేదు.

"హజ్రత్, మా పిల్లకు ఇంగ్లీషు అంటే వణుకు. మార్చిలో పరీక్ష. తప్పితే చదువు మాన్పించి సంబంధం చూస్తానని వాళ్ళ అబ్బా అంటున్నారు. మీరు దువా చేయండి" అన్నది.

"దువా తప్పక చేస్తానమ్మా. ముందు పిల్ల ఏం చదువుతున్నదో చూడనివ్వండి" అన్నాను.

అమ్మాయి సంచిలో నుండి పాఠ్యపుస్తకం కాదు, గైడు తీసింది. సెలవులు ఎలా గడిపావో తెలుపుతూ స్నేహితురాలికి రాసే ఉత్తరాన్ని ఒక్క తడబాటు లేకుండా అప్పజెప్పింది. విని సంతోషించాను. "బేటీ, ఇదే విధంగా, ఈద్‌కు మన ఊరు రమ్మని మీ ఖాలా కూతురికి నాలుగు మాటలు రాయి" అని కాగితం ఇచ్చాను. పది నిమిషాలు గడిచాయి. కాగితం తెల్లగానే ఉంది. అమ్మాయి కళ్ళలో నీళ్ళు.

ఆ పిల్లకు జ్ఞాపకశక్తి లేదా? కావలసినంత ఉంది. శ్రద్ధ లేదా? అదీ ఉంది. లేనిదల్లా తన మాటను తాను రాయగలనన్న ధైర్యం. మన ఇళ్ళలో ఎంతోమంది పిల్లల పరిస్థితి ఇదే. పరీక్షకు సన్నాహమంటే ఈ ధైర్యాన్ని కలిగించటమే. అందులో పాఠశాలకు ఎంత పాత్ర ఉన్నదో ఇంటికీ అంతే పాత్ర ఉన్నది.

కంఠస్థం ఎక్కడ, అవగాహన ఎక్కడ?

కంఠస్థం చేయటం మన సమాజానికి అల్లాహ్ ప్రసాదించిన గొప్ప వరం. దివ్య ఖుర్ఆన్ దైవవాక్కు. అందులో ఒక్క అక్షరాన్ని కూడా మార్చే అధికారం ఎవరికీ లేదు. కనుక దానిని ఉన్నది ఉన్నట్లుగా గుండెలో నిలుపుకుంటాము. అయితే ఆంగ్ల ఉత్తరం దైవవాక్కు కాదు. సందర్భాన్ని బట్టి అది మారాలి, మార్చగలగాలి. ఖుర్ఆన్ కంఠస్థంలో అలవడిన పద్ధతినే గైడుకూ వర్తింపజేసి, మారవలసిన దానిని మన పిల్లలు మారనిదానిగా భావిస్తున్నారు.

ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఆంగ్ల ప్రశ్నపత్రం స్వభావం కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. పత్రానికి 100 మార్కులు, ఉత్తీర్ణతకు 35. ప్రశ్నపత్రం చదువుకోవటానికి ఇచ్చే 15 నిమిషాలతో కలిపి సమయం 3 గంటల 15 నిమిషాలు. ఇచ్చిన భాగాన్ని చదివి అర్థం చేసుకుని జవాబు రాయటం ఒక విభాగం. వ్యాకరణం, పదజాలం మరొక విభాగం. ఉత్తరం, సంభాషణ వంటివి సొంతంగా రాయటం మూడవ విభాగం. ఈ మూడింటిలో ఏదీ కేవలం బట్టీతో గట్టెక్కేది కాదు.

ఇతరుల భాష నేర్చుకోవటం మనకు కొత్తా?

ఆంగ్లం పరాయి భాష, దీనికీ ధర్మానికీ సంబంధమేమిటని కొందరు పెద్దలు నేటికీ అంటారు. యౌవనంలో నేనూ అన్నవాడినే. సెమినరీ చదువు ముగించి ఎన్నో ఏళ్ళు ఆంగ్లం వైపు చూడలేదు. నలభై దాటిన తరువాత, ఇంట్లో ఒకరి వైద్య నివేదిక చదువుకోలేక పక్కింటి కుర్రవాడి కోసం ఎదురుచూడవలసి వచ్చిన రోజున నా పొరపాటు నాకు తెలిసింది. అప్పటి నుండి కొద్దికొద్దిగా నేర్చుకుంటున్నాను.

హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) మదీనాకు చెందిన చిన్న వయసు అన్సారీ. యూదులతో ఉత్తర ప్రత్యుత్తరాల కోసం వారి లిపిని నేర్చుకోమని దైవప్రవక్త (స) ఆయనను ఆదేశించారు. ఆయన దాదాపు పదిహేను రోజులలో నేర్చుకున్నట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఖుర్ఆన్‌ను ఒకచోట సమకూర్చే బృహత్కార్యం తరువాతి కాలంలో ఆ జైద్ (రజి) చేతుల మీదుగానే జరిగింది. పరాయి లిపి నేర్చుకున్నందువల్ల ఆయన ధర్మసేవ తగ్గలేదు, పెరిగింది. మనుషుల భాషలు వేరువేరుగా ఉండటం తన సూచనలలో ఒకటని అల్లాహ్ రూమ్ సూరాలో తెలియజేశాడు.

మన తెలుగు నేల మీద కూడా ఉదాహరణ ఉన్నది. కర్నూలుకు చెందిన డాక్టర్ అబ్దుల్ హక్ అరబీ విద్యలో పేరొందిన కుటుంబంలో పుట్టారు. ఆ విద్యతో పాటు ఆంగ్ల విద్యనూ అభ్యసించి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల ఏర్పడింది ఆయన కృషి వల్లనే. రెండు విద్యలు ఒకే హృదయంలో ఇమడగలవని ఆయన జీవితం నిరూపించింది.

మక్తబ్ నేర్పిన వ్యాకరణమే సాధనం

మన పిల్లవాడు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడతాడు. మక్తబ్‌లో అరబీ చదువుతాడు. బడిలో ఆంగ్లం రాస్తాడు. నాలుగు భాషలు భారమని బాధపడతాము. నిజానికి ఒక భాష మరొక భాషకు మెట్టు కాగలదు.

తెలుగులో "నేను అన్నం తింటాను" అంటాము. ఉర్దూలోనూ క్రియ చివరనే వస్తుంది. అందువల్ల ఆంగ్లంలో రాసేటప్పుడు కూడా పిల్లలు క్రియను చివరకు నెట్టివేస్తారు. ఆంగ్లంలో "ఐ ఈట్ రైస్" అని, తినే వస్తువు కంటే ముందే క్రియ రావాలి. అరబీలోనూ సాధారణంగా క్రియ తరువాతనే కర్మ వస్తుంది. ఈ ఒక్క పోలిక చూపిస్తే అరబీ చదివిన పిల్లవాడికి విషయం వెంటనే బోధపడుతుంది.

"ఎ", "ది" అనే చిన్న మాటలు ఎక్కడ వాడాలో తెలియక మార్కులు పోగొట్టుకునేవారు చాలామంది. తెలుగులో వీటికి సమానమైనవి లేవు. అరబీలో ఉన్నాయి. "కితాబున్" అంటే ఏదో ఒక పుస్తకం, "అల్ కితాబు" అంటే మనకు తెలిసిన ఆ పుస్తకం. "ఎ బుక్", "ది బుక్" మధ్య భేదం దాదాపు ఇదే.

కర్మణి వాక్యమంటే భయపడే పిల్లలకు ఫేల్ మారూఫ్, ఫేల్ మజ్హూల్ గుర్తు చేయండి. "కతబ" అంటే రాశాడు, "కుతిబ" అంటే రాయబడింది. ఆంగ్లంలో "రోట్", "వాజ్ రిటెన్" అంటారు. అరబీలో భూతకాలానికే పద్నాలుగు రూపాల గర్దాన్ వల్లించిన పిల్లవాడు "రైట్, రైట్స్, రోట్, రిటెన్, రైటింగ్" అనే అయిదు రూపాలకు జంకవలసిన అవసరమేమున్నది?

సబఖ్, సబ్ఖీ, మంజిల్

హిఫ్జ్ చేసే విద్యార్థికి ప్రతిరోజూ మూడు పనులు ఉంటాయి. కొత్త పాఠం సబఖ్. ఇటీవలి పాఠాల పునశ్చరణ సబ్ఖీ. పాత భాగాల పునశ్చరణ మంజిల్. ఈ క్రమాన్నే ఆ అమ్మాయికి ఆంగ్లం కోసం ఏర్పాటు చేశాను. రోజుకు అయిదు కొత్త పదాలు సబఖ్. ఆ వారంలో నేర్చినవి సబ్ఖీ. అంతకు ముందువి రోజుకొక పుట చొప్పున మంజిల్.

అయితే ఒక నియమం పెట్టాను. ప్రతి కొత్త పదంతో తన ఇంటి గురించో, వీధి గురించో ఒక సొంత వాక్యం రాయాలి. గైడులోని వాక్యం రాయకూడదు. తప్పులుంటే ఉండనివ్వమన్నాను. మరునాడు బడిలో ఆంగ్ల ఉపాధ్యాయురాలికి చూపించి దిద్దించుకోమన్నాను. నా ఆంగ్లం అంతంతమాత్రమే. దిద్దే అర్హత ఆమెదే.

2024 సెప్టెంబరు ఆరంభంలో మున్నేరు పొంగిన సంగతి మన ప్రాంతంవారు మరచిపోలేదు. "వాటర్" అనే పదానికి ఆ అమ్మాయి మొదట "వాటర్ అవర్ స్ట్రీట్ కేమ్" అని రాసింది. క్రియను ముందుకు తెమ్మన్నాను. "ది వాటర్ కేమ్ టు అవర్ స్ట్రీట్" అయింది. అది తను చూసిన దృశ్యం, తన వాక్యం. ఆ రోజు ఆ పిల్ల ముఖంలో తొలిసారి వెలుగు చూశాను.

తల్లి చేయగల సహాయం

"నాకు అక్షరం ముక్క రాదు, నేనేం చేయగలను హజ్రత్?" అని ఆ తల్లి అడిగింది. చదివిన పాఠాన్ని ప్రతి రాత్రి మన భాషలో చెప్పించుకుని వినమన్నాను.

2024-25 నుండి మన రాష్ట్రంలో పదో తరగతికి వచ్చిన ఆంగ్ల వాచకంలో దేవునికి రాసిన ఉత్తరం కథ ఉన్నది. వడగళ్ళ వానకు పంట అంతా పోయిన ఒక రైతు, తనకు నూరు పెసోలు పంపమని దేవునికి ఉత్తరం రాస్తాడు. తపాలా ఉద్యోగులు జాలిపడి తలా కొంత పోగుచేసి పంపుతారు. సొమ్ము తక్కువ వచ్చినందుకు అతడు వారినే దొంగలని అనుమానిస్తాడు.

కూతురు ఈ కథ చెబుతుండగా, అకాల వర్షానికి కల్లంలో మిరప తడిసి నష్టపోయిన సంగతిని తల్లి గుర్తు చేసుకున్నదట. "అల్లాహ్ సహాయం మనుషుల చేతుల మీదుగా వస్తే ఆ చేతులనే అనుమానించాడే!" అన్నదట. మరునాడు ఆ మాటనే అమ్మాయి రెండు ఆంగ్ల వాక్యాలలో రాసి తెచ్చింది. ఏ గైడులోనూ లేని జవాబు అది. అక్షరం రాని తల్లి వల్ల వచ్చిన జవాబు.

తొమ్మిది ఆదివారాలు

మన మెట్ట ప్రాంతంలో మిరప కోతలూ పదో తరగతి చదువులూ ఒకే కాలంలో ముమ్మరమవుతాయి. సెలవు రోజున ఆడపిల్లను కూడా కోతకు తీసుకువెళ్ళటం అనేక ఇళ్ళలో ఆనవాయితీ. పేదరికంలో ఆ కూలి ఎంత అవసరమో నాకు తెలుసు. అయినా ఇషా నమాజు తరువాత ఆ తండ్రితో మాట్లాడాను. ఆయన ఆటో నడుపుతారు.

"భాయ్, పరీక్ష దాకా తొమ్మిది ఆదివారాలు ఉన్నాయి. ఆ తొమ్మిది రోజుల కూలి బిడ్డకు ఇచ్చిన కానుక అనుకోండి. పెళ్ళి మాట కూడా అప్పటిదాకా ఎత్తకండి. భయపడే పిల్ల చేతికి కలం ఆడదు."

ఆయన చాలాసేపు తల వంచుకుని కూర్చున్నారు. "సరే హజ్రత్, తొమ్మిదే కదా" అన్నారు.

మార్చి 2న రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. ఆంగ్ల పరీక్ష మార్చి 21, శుక్రవారం. తరావీహ్ తరువాత మేలుకుని చదవవద్దని, త్వరగా నిద్రించి సహ్రీకి లేచి ఫజ్ర్ తరువాత గంటసేపు చదవమని చెప్పాను. ఆ సమయంలో మనసు నిర్మలంగా ఉంటుంది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. రానున్న సంవత్సరాలలో అది పరీక్షలకు ముందే, చదువు జోరుగా సాగే రోజులలో వస్తుంది. అప్పుడూ ఈ దినచర్య ఉపకరిస్తుంది.

పరీక్ష హాలు కోసం చెప్పినవి నాలుగే. మొదటి పదిహేను నిమిషాలు కలం ముట్టకుండా పత్రమంతా చదువు. చదివి జవాబు రాసే భాగంలో ముందు ప్రశ్నలు చూసి తరువాత భాగాన్ని చదువు. చిన్న వాక్యాలు రాయి. ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకు.

ఫలితాల నాడు

ఏప్రిల్ 23న ఫలితాలు వచ్చాయి. రాష్ట్రంలో సుమారు 81 శాతం మంది ఉత్తీర్ణులయ్యారు. అంటే దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి నిరాశే. ఆ అమ్మాయి అన్నింటిలోనూ గట్టెక్కింది. ఆంగ్లంలో వచ్చినవి 61. గొప్ప మార్కులు కావు. కానీ ఆ తెల్లకాగితం నుండి 61 దాకా ఎంత దూరమో నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు జగ్గయ్యపేటలో ఇంటర్ చదువుతున్నది.

అదే సంవత్సరం మా మక్తబ్‌లో చదివిన ఒక అబ్బాయి ఆంగ్లంలో తప్పాడు. నెలరోజులలోపే, మే నెలలో సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది. ఇంట్లో ఎవరూ తిట్టకుండా మళ్ళీ రాయించారు, గట్టెక్కాడు. తప్పిన బిడ్డను గద్దించి మూలన కూర్చోబెట్టి ఉంటే ఏడాది వృథా అయ్యేది, చదువు మీది ఆశ కూడా పోయేది.

తల్లిదండ్రులారా! మూసా (అలై) ఫిరౌన్ వద్దకు వెళ్ళే ముందు, తన నాలుక ముడి విప్పమని, తన మాట ప్రజలకు అర్థమయ్యేలా చేయమని ప్రభువును వేడుకున్నారు. మన బిడ్డల కోసం మనమూ ఆ దువా చేద్దాం. దానితో పాటు రోజుకొక అరగంట, కొన్ని ఆదివారాలు వారికి ఇద్దాం. ఈ రాత్రే మీ బిడ్డ పక్కన కూర్చుని, ఈ రోజు తాను చూసినదాని గురించి ఒక్క ఆంగ్ల వాక్యం రాయమనండి. తప్పుగా రాసినా సరే, "షాబాష్" అనండి. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక. ఆమీన్.