గోడనా, నీడనా?

చెరకు తోటలోకి మనిషి దూరితే కనబడడు, కానీ దూరగలడు. కాలువకు అవతలి గట్టున నిలబడ్డవాడు నిక్షేపంగా కనబడతాడు, కానీ మన చేతికి అందడు. బోధన్ దిక్కు పుట్టి పెరిగినవాళ్లకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇదే సంగతి తెర మీద చూడగానే తెలిసేట్టు గీయడం ఎంత కష్టమో మాత్రం నాకు మొన్నటిదాకా తెలియదు.

ధర్పల్లిలో నేను, డల్లాస్‌లో మా అక్క కొడుకు, వాడి దోస్తులు ముగ్గురు. మాకు ఆదివారం పొద్దున ఏడు గంటలు, వాళ్లకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర. అప్పుడు కంప్యూటర్ల ముందు కూర్చుని 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడుతాం. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని తామేం చేస్తారో చెబుతారు. అది కుదిరిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. చిందు భాగోతంలోని వేషానికి పచ్చీసులోని గవ్వ తోడైతే ఎట్లా ఉంటుందో అట్లాంటి ఆట. మామూలుగా మాటలతోనే నడుస్తుంది. కొట్లాట వచ్చిందంటే మాత్రం ఎవరెక్కడున్నారో, మధ్యలో ఏముందో చూపే పటం కావాలి.

ఆ పటం నేనే గీశాను. నిజాంసాగర్ కాలువ, గట్టు, చెరకు, ఒక కూలిన గోడ, తుమ్మచెట్ల కింద పొడుగాటి సాయంత్రపు నీడలు. ఫొటో తీసినట్టు వచ్చిందని మురిసిపోయాను. ఆట మొదలైన రెండో నిమిషంలో మేనల్లుడు అడిగాడు: “మామా, గీ నల్లది గోడనా, నీడనా?”

ఆ తర్వాత గంటసేపు అవే ప్రశ్నలు. ఇక్కడ నిలబడొచ్చా? అక్కడి నుంచి బాణం తగులుతదా? ఆట ఆగిపోయి పటానికి వ్యాఖ్యానం నడిచింది.

ఆ సాయంత్రం అరుగు మీద పిల్లలు సుద్దముక్కతో అష్టా చెమ్మా గీస్తుంటే చూస్తూ కూర్చున్నాను. అయిదు అడ్డం, అయిదు నిలువు, మొత్తం 25 గడులు. నాలుగు వైపులా నడిమి గడిలో ఒక్కో ఇంటు గుర్తు, మధ్య గడిలో ఇంకొకటి. ఇంటు కొట్టిన గడిలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. రెండు గీతలు అంత పెద్ద నియమాన్ని మోస్తున్నాయి. అందులో అందం కోసం గీసింది ఒక్కటీ లేదు. నా పటంలో లోపమేమిటో అక్కడ తెలిసింది: నేను స్థలాన్ని గీశాను, వీళ్లు నియమాలను గీస్తున్నారు.

గడుల పటం మన దగ్గర చాలా పాతది. ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గడుల అష్టాపదం మీదే చతురంగం పుట్టింది. మన పాత చదరంగం పలకల్లో గడులన్నీ ఒకే రంగులో ఉండేవి, కొన్నింటిలో మాత్రం ఇంటు గుర్తులు కనబడేవి. ఒకటి తెలుపు, ఒకటి నలుపు అన్న అలవాటు ఐరోపాకు చేరాక వచ్చింది. ఆ రంగుల వల్ల ఆటలో ఒక్క నియమమూ మారలేదు, కానీ శకటు నడిచే ఏటవాలు దారి కంటికి తేలిగ్గా అందింది. స్పష్టత కోసం జరిగిన మార్పుల్లో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో యోహాన్ హెల్‌విగ్ అనే గణితం పంతులు చదరంగాన్ని సాగదీశాడు. పదహారు వందలకు పైగా గడులు పెట్టి, కొండకు ఒక రంగు, బురదకు ఒక రంగు, నీళ్లకు ఒక రంగు వేశాడు. యువకులకు యుద్ధతంత్రం నేర్పడం ఆయన ఉద్దేశం. అందులో చిక్కల్లా, లోకం గడులుగా ఉండదు. ఏరు గడి అంచున వంగదు కదా.

ఆ చిక్కు విప్పినవాళ్లలో ఒకడు ప్రష్యా సైన్యంలోని లెఫ్టినెంట్ గేయార్గ్ ఫాన్ రైస్‌విట్జ్. 1824లో ఆయన గడులు లేకుండా 1:8000 కొలతలో నిజమైన భూపటాలు పరిచాడు. అంటే కిలోమీటరు దూరం పటం మీద పన్నెండున్నర సెంటీమీటర్లు. సైనిక దళాలకు ఎరుపు, నీలం సీసపు దిమ్మలు. అసలు గొప్పతనం పటంలో కంటే ఆటను నడిపే మధ్యవర్తిలో ఉంది. శత్రువు కంట పడే దళాలను మాత్రమే ఆ మధ్యవర్తి పటం మీద పెట్టేవాడు, కొండ చాటున ఉన్నవి ఆయన మనసులోనే ఉండేవి. పటంలో ఏం చూపాలి అన్న ప్రశ్న పక్కన ఏం దాచాలి అన్న ప్రశ్న చేరింది.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ 1954లో 'టాక్టిక్స్' అనే ఆటను చదరపు గడులతో అచ్చువేశాడు. 1961 నాటికి ఆయన కంపెనీ ఆరు పలకల గడులకు మారింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. అందులో నేలమాళిగలో బల్ల మీది అంగుళం అంటే పది అడుగులు, ఆరుబయట అంగుళం అంటే పది గజాలు. 2000లో వచ్చిన మూడో కూర్పు గడికి అయిదు అడుగులని స్థిరం చేసింది. ఇక 2004లో ఫాంటసీ గ్రౌండ్స్, 2012లో రోల్20, 2020లో ఫౌండ్రీ అనే సాఫ్ట్‌వేర్లు వచ్చి బల్లను తెర మీదికి తెచ్చాయి.

ఆరు పలకల గడి ఎందుకో చెప్పాలి. చదరపు గడి మూల నుంచి మూలకు నడిస్తే అబద్ధమాడుతుంది. పక్క గడికి దూరం అయిదు అడుగులైతే, మూల గడికి దూరం నిజానికి ఏడు అడుగుల పైచిలుకు. పది గడులు మూలగా పరుగెత్తినవాడికి యాభై అని లెక్కగడితే, వాడు దాదాపు డెబ్భై ఒక్క అడుగులు పోయినట్టు. ఆరు పలకల గడికి చుట్టూ ఉన్న ఆరు గడులూ ఒకే దూరంలో ఉంటాయి. అయితే మన ఇళ్ల గోడలు నిలువుగా, అడ్డంగా ఉంటాయి కాబట్టి ఆ గడులను సగానికి నరికేస్తాయి. అందుకే పొలాల్లో కొట్లాటకు ఆరు పలకలు, ఇంట్లో కొట్లాటకు చదరం మేలని నా అభిప్రాయం.

రైస్‌విట్జ్ మధ్యవర్తి పనిని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. పటం మీద గోడలను కనబడని గీతలుగా గీసిపెట్టాలి. పాత్ర నిలబడ్డ చోటు నుంచి ప్రతి గోడ కొసకూ, దానికి కాస్త అటూ ఇటూ కిరణాలు పోతాయి. ఒక్కో కిరణం ముందుగా ఏ గీతకు తగులుతుందో అక్కడ చూపు ఆగుతుంది. ఆ తగిలిన బిందువులన్నీ వరసగా కలిపితే వచ్చే ఆకారమే ఆ పాత్రకు కనబడే లోకం. మిగతాదంతా చీకటి. పాత్ర కదిలిన ప్రతిసారీ ఈ లెక్క మళ్లీ జరుగుతుంది. నేను కష్టపడి గీసిన నీడల మీద ఆ చీకటి కూడా పడి, నలుపు మీద నలుపైంది.

రెండో పటానికి ముందు ప్రతి వస్తువునూ రెండే ప్రశ్నలు అడిగాను. నడకను ఆపుతుందా? చూపును ఆపుతుందా? గోడ రెంటినీ ఆపుతుంది. కాలువ నడకను ఆపుతుంది, చూపును ఆపదు. చెరకు చూపును ఆపి నడకను మందగింపజేస్తుంది. బండి బాట దేన్నీ ఆపదు. ఈ నాలుగూ నాలుగు తీర్లుగా కనబడాలి, మిగిలినవి ఎంత తక్కువగా కనబడితే అంత మంచిది. గోడను గడి మధ్యలో కాక గీత మీదే నిలబెట్టాను. చెరకు అంచును గడి అంచుతో కలిపాను, సగం చెరకు సగం బాట అన్న గడి ఒక్కటీ లేకుండా. గడి గీతలను నేల కనబడేంత పలచగా వేశాను.

రంగుల దగ్గర ఇంకో పాఠం. మగవాళ్లలో కొందరికి ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా కనబడతాయి. మా నేల ఎర్రది, చెరకు పచ్చది. పటాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూస్తే రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. అందుకని నేలను వెలిసినట్టు చేసి, చెరకును ముదురు చేసి, దాని మీద నిలువు గీతలు వేశాను. తెర మీది గుర్తుకూ దాని పక్క రంగుకూ కనీసం 3:1 వెలుగు తేడా ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. ఆ కొలతా పాటించాను.

బరువు కూడా తగ్గించాల్సి వచ్చింది. ముప్ఫై గడులు అడ్డం, ఇరవై నిలువు. గడికి 140 పిక్సెళ్లు పెడితే ఆ బొమ్మ కంప్యూటర్ జ్ఞాపకంలో విప్పుకున్నాక దాదాపు 47 మెగాబైట్లు. 70కి దించితే 12 లోపే. పాత ఫోన్‌లో ఆడేవాడికి ఆ తేడా ఆట సాగడానికీ ఆగడానికీ ఉన్న తేడా.

పోయిన ఆదివారం కొత్త పటం మీద ఆడాం. మేనల్లుడు నన్నేమీ అడగకుండా తన బొమ్మను బాట మీద నుంచి జరిపి, “చెరకుల దూరుతున్న మామా” అన్నాడు. తెర మీద వాడి చుట్టూ లోకం రెండు గడులకు కుంచించుకుపోయింది.

కాలువ గట్టు సంగతి ఇంకా తేలలేదు. పైనుంచి చూసే పటంలో ఎత్తు కనబడదు. గట్టు మీద నిలబడ్డవాడు చెరకు మీదుగా చూడగలడా లేదా అని నలుగురూ వాదులాడుకున్నారు. ప్రస్తుతానికి గట్టు గడుల్లో 6 అని, చెరకు గడుల్లో 10 అని అడుగుల లెక్క అంకెలు వేశాను.