వయసు మళ్లిన కళ్లు దానానికి పనికొస్తాయా?

కర్ణాటకలోని ముళబాగిలులో కన్నడ సినీ నటులైన తండ్రీకొడుకులు రాజ్‌కుమార్, పునీత్ పేర్లు తెలియని పిల్లలు అరుదు. 2006లో తండ్రి 76 ఏళ్లకు, 2021లో కొడుకు 46 ఏళ్లకే కన్నుమూశారు. ఇద్దరి కళ్లూ దానం చేశారు. బెంగళూరులోని నారాయణ నేత్రాలయ వైద్యులు పునీత్ కార్నియాలను పొరలుగా విడదీసి నలుగురికి అమర్చారు.

మరి పెద్దవాళ్ల కళ్లు ఎలా పనికొస్తాయి?

కార్నియా అంటే కంటి ముందుభాగంలో ఉండే పారదర్శకమైన పొర. దాని లోపలి వైపున ఉన్న కణాలు ఊరే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంటాయి. ఆ పని ఆగితే కార్నియా ఉబ్బి మసకబారుతుంది. ఈ కణాలు చనిపోతే వాటి చోట కొత్తవి పుట్టవు; వయసుతో పాటు మెల్లగా తగ్గిపోతాయి.

అయితే ఆ తగ్గుదల అందరిలో ఒకేలా ఉండదు. అందుకే నేత్ర బ్యాంకుల్లో పుట్టిన తేదీ ఒక్కటే చూడరు. ప్రత్యేక సూక్ష్మదర్శినితో చదరపు మిల్లీమీటరుకు ఎన్ని కణాలున్నాయో లెక్కిస్తారు.

అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో 65 ఏళ్లలోపు దాతల కార్నియాలు, 66–75 ఏళ్లవారివి అమర్చిన ఐదేళ్ల తర్వాత సమానంగా 86 శాతం నిలిచాయి. పదేళ్లకు మాత్రం 77, 71 శాతంగా కొద్దిపాటి తేడా కనిపించింది.

కళ్లద్దాలు వాడినవారూ, శుక్లాల ఆపరేషన్ అయినవారూ దానం చేయవచ్చు. మరణించిన ఆరు గంటల్లోపు కళ్లు సేకరించాలి కాబట్టి, వెంటనే నేత్ర బ్యాంకుకు కబురు అందేలా ఇంట్లో పెద్దలతో ఇప్పుడే మాట్లాడండి.